తమ్ముడి పిలుపు దాకా గంటన్నర

విమానమెక్కి విశాఖపట్నం పోయి వచ్చామంటే ఆదోనిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎంతసేపు పట్టింది? గంటన్నర అంటే నోరు తెరుస్తారు. ఓర్వకల్లు నుంచి విశాఖకు గాల్లో ఆరువందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. దానికి గంటన్నర. మా గడప నుంచి ఓర్వకల్లు విమానాశ్రయానికి నేలమీద నూటపాతిక కిలోమీటర్లు కూడా లేవు. దానికి మాత్రం మాకు దాదాపు అయిదు గంటలు పట్టింది. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే పంతులమ్మను. పటం మీద స్కేలు పెట్టి దూరాలు కొలవడం పిల్లలకు నేర్పిస్తాను. ఈ లెక్క మాత్రం నా స్కేలుతో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాతో వచ్చింది మా అత్తమ్మ, రుక్మిణమ్మ. డెబ్బై దాటింది. పుట్టిల్లు ఎమ్మిగనూరు. ఆమెకు ఒక్కడే తమ్ముడు, పేరు రాఘవేంద్ర, మాకందరికీ రాఘు మామ. తల్లి చిన్నప్పుడే పోతే అతణ్ణి ఒళ్ళో వేసుకుని పెంచింది అత్తమ్మే. ఎమ్మిగనూరు బస్టాండులో కంట్రోలరుగా మైకు పట్టుకుని బస్సుల రాకపోకలు చెప్పి చెప్పి రిటైరైనాడు. భార్య పోయాక విశాఖలో కొడుకు దగ్గర ఉంటున్నాడు.

ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. ప్రాణానికి భయం లేదు, తర్వాత ఏదో పరికరంతో మాట్లాడటం నేర్చుకోవచ్చు, కానీ ఇప్పుడున్న గొంతు ఇక రాదు. ఆపరేషన్ మంగళవారం పొద్దున. సోమవారం సాయంత్రానికి ఆసుపత్రిలో చేరాలి.

ఈ కబురు విన్నాక అత్తమ్మ నన్ను పిలిచి, “వాడు నన్ను అక్కా అని పిలిసేది ఒక్కసారి ఇని వస్తా శారదా. నన్ను దేంట్లోనన్నా ఎక్కించుకొని పో” అంది. ఫోనులో వినొచ్చు కదా, కావాలంటే రికార్డు చేసి పెడతానన్నాను. “పెట్టెలో ఉండేది పిలుస్తాది గానీ, నేను పలికితే మళ్ళా పలకదు గదా” అంది.

రైల్లో అయితే గుంతకల్లులో మారి ఒక రాత్రీ ఒక పగలూ పోవాలి. అత్తమ్మ నడుము అంతసేపు కూర్చోనివ్వదు. అలా మా ఇంట్లో మొదటిసారి విమానం మాట వచ్చింది.

ఆదోని: ముందు బయలుదేరిన సంచి

విమానం రోజూ ఉండదు. మాకు కుదిరేది సోమవారం ఒక్కటే. టికెట్లు తీసుకున్నానని సంతోషంగా చెబితే అత్తమ్మ మొహం వాడిపోయింది. శని, సోమవారాలు తూర్పు దిక్కుకు పోకూడదు, వారశూల. విశాఖ తూర్పున కాక ఇంకెక్కడుంది?

అత్తమ్మ వంశంలో గుడి అర్చకులూ బడి పంతుళ్ళూ ఎక్కువ. శాస్త్రం చెప్పేదీ వాళ్ళే, దానికి సందు వెతికేదీ వాళ్ళే. ఆదివారం పొద్దున్నే అత్తమ్మ సందు కనిపెట్టింది. “ప్రస్థానం పెడదాం” అంది.

తెలియనివాళ్ళకు చెబుతాను. మంచి గడియ ముందే వచ్చి, ప్రయాణం తర్వాత ఉంటే, ఆ గడియలో మన సామాను ఒకటి తీసుకెళ్ళి పోవాల్సిన దిక్కున ఇంకొకరింట్లో పెడతారు. దానితో మనం బయలుదేరినట్టే లెక్క. తర్వాత పోతూ పోతూ దాన్ని తీసుకుపోవాలి. ఒక గుడ్డసంచిని మనకు బదులుగా ముందు పంపించడమన్నమాట.

మా తూర్పు గోడ అవతల మహబూబ్బీ ఉంటుంది. బట్టలు కుడుతుంది. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగు. అత్తమ్మ సంచి పట్టుకుని ఆమె ఇంటికి పోతే వెనకే నేనూ పోయాను. మహబూబ్బీ కుర్చీ తుడిచి, దాని మీద ఉతికిన తుండు పరిచి, సంచిని కూర్చోబెట్టింది.

“ఈ సంచి మా ఇంట్లో ఉన్నంతసేపు నువ్వు ప్రయాణంలో ఉన్నట్టేనా రుక్మిణమ్మా?” అని అడిగింది.

“ఔ. బయలుదేరినట్టే.”

ఆ మాట ఎందుకన్నానా అని అత్తమ్మ సాయంత్రం దాకా బాధపడింది. అలవాటు కొద్దీ గోడ మీది నుంచి “మహబూబ్బీ, కరివేపాకుందా?” అంటే, అవతలి నుంచి “ఎవరు పిలిసేది? రుక్మిణమ్మ ఊళ్ళో లేదు, తమ్ముడింటికి పోయింది” అని జవాబు. అంత దిగులులోనూ అత్తమ్మ నవ్వింది. తర్వాత మహబూబ్బీయే గోడ దగ్గరికి వచ్చి కరివేపాకు అందిస్తూ, “రాఘన్న వచ్చినప్పుడు మీ ఇంటి ముందర నిలబడి పిలుస్తాండె సూడు, మా ఇంట్లో కూడా వాకిలి తీస్తాంటిమి” అంది.

మా వైపు తలుపును వాకిలి అంటాం. రాఘు మామది అదో అలవాటు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, మెట్టు కింద నిలబడి “అక్కా, వాకిలి తియ్” అంటాడు. “తెరిసే ఉంది రారా” అంటూ అత్తమ్మ చేతిలో పని వదిలేసి వస్తుంది. చిన్నప్పుడు వీధిలో ఆడుకుని చీకటి పడ్డాక వచ్చి అలాగే పిలిచేవాడట. నాయన చెవిన పడేలోపే, రెండో పిలుపు రాకుండా ఈమె గొళ్ళెం తీసేదట. తమ్ముడిని రెండుసార్లు పిలిపించుకున్న పాపాన పోలేదని చెప్పుకుంటుంది.

పడుకునే ముందు “అత్తమ్మా, ఆధార్ కార్డు పెట్టుకున్నావా? అది లేకపోతే లోపలికి రానివ్వరు” అని అడిగాను. “పెట్టినా” అంది. అబద్ధం కాదు.

సోమవారం తెల్లవారక ముందే ఈరన్న కారు తెచ్చాడు. బాడుగ కారు నడుపుతాడు, మా ఇంటికి తెలిసినవాడే. సామాను సర్దాడు. ఇక్కడ అత్తమ్మకు ఇంకో ఆలోచన వచ్చింది. ప్రస్థానం పెట్టినా, సోమవారం పూట ఇంట్లోంచి నేరుగా తూర్పుకు తిరగడం ఎందుకు? “ఈరన్నా, బండిని పడమటికి తిప్పు. అట్ల సుట్టుకొని పోదాం” అంది. ఈరన్న తిప్పాడు. మహబూబ్బీ ఇల్లు తూర్పున ఉంది. ఒక జాగ్రత్త ఇంకో జాగ్రత్తను మింగేసింది. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఎమ్మిగనూరు: ఉగ్గాని, ఎదురుచూపు

ఎమ్మిగనూరులో ఆగాలని ముందే అనుకున్నాం. తమ్ముడు పనిచేసిన బస్టాండు ఒకసారి చూసి, ఎట్లుందో అతనికి చెప్పాలని అత్తమ్మ కోరిక. పక్కనే ఉగ్గాని బండి. ఉగ్గాని తినని దురదృష్టవంతుల కోసం: బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప తాళింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. ఇంట్లో మడీ తడీ అనే అత్తమ్మ, ప్రయాణంలో మడి లేదని తనకు తానే తీర్పు చెప్పుకుని సగం ప్లేటు తిన్నది.

చేతులు కడుక్కుని, “శారదా, సంచిలో తువ్వాలుంది, ఇయ్యి” అంది.

“ఏ సంచి?”

“అదే, నా సంచి.”

నేను ఈరన్న వైపు చూశాను. ఈరన్న డిక్కీ తెరిచి చూసి వచ్చి నిలబడ్డాడు. “మీరు వరండాలో పెట్టినయన్నీ ఎత్తినా అమ్మా. ఇంకేం లేవే” అన్నాడు.

అతని తప్పేముంది? ఆ సంచి వరండాలో లేదు. అది మాకంటే ముందే ప్రయాణమైపోయింది.

“పోతే పోనీలే అత్తమ్మా, తువ్వాలే కదా” అన్నాను. ఆమె నా మొహం చూడకుండా చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. “నా కార్డు అండ్లోనే ఉంది” అంది.

నాకు కోపం వచ్చింది, దాచడమెందుకు. ప్రస్థానం సంచిలో ఆధార్ కార్డు ఎవరైనా పెడతారా? గట్టిగానే అడిగాను. అత్తమ్మ చిన్నగా చెప్పింది: “ఉత్త గుడ్డలు పెడితే మోసం సేసినట్ల గదమ్మా. అది లేకుంటే పోలేమనేది పెడితేనే అది ప్రయాణం. అందుకే పెట్టినా.” శాస్త్రాన్ని అంత నిజాయితీగా పాటించిన మనిషిని ఏమని తిట్టను?

ఫోనులో కార్డు తెప్పించుకోవచ్చు కదా అన్నాడు ఈరన్న. అదీ ప్రయత్నించాను. ఆమె కార్డుకు కట్టిన నంబరు మా మామగారిది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆ ఓటీపీ ఏ లోకానికి పోతుందో తెలియదు. వెనక్కి పోయి తెచ్చుకుందామంటే అత్తమ్మ ససేమిరా అంది. “ఎనక్కి తిరిగితే ప్రయాణం సెడిపోతాది. నేను ఈణ్ణుంచి ఎనక్కి పోను” అని బస్టాండు బల్ల మీద కూర్చుండిపోయింది.

మహబూబ్బీకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి ఎత్తింది. ఇంజను మోతలో ఆమె మాట సగం సగమే వినబడింది. “బస్సులో ఉండా. సంచి నా దగ్గరే ఉంది. మీరు ఆడనే ఉండండి, ఫికర్ సేయొద్దు.” సంచి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉందట. కారు పడమటికి తిరగడం చూసి, చుట్టుకుని వస్తారేమోనని కాసేపు ఎదురుచూసి, రాకపోయేసరికి ఆటో ఎక్కి బస్టాండుకు వచ్చి మొదటి బస్సు పట్టుకుంది. తమ్ముడి బస్టాండు చూస్తానని అత్తమ్మ చెప్పిన మాట ఆమెకు గుర్తుంది.

ఎదురుచూస్తూ కూర్చున్నాం. పక్కన టీ అంగడి. నెరిసిన మీసాల పెద్దాయన గ్లాసులు కడుగుతున్నాడు. అత్తమ్మ ఊరికే ఉండలేక, “అన్నా, ఈడ ముందు మైకులో బస్సులు సెప్తాండె, రాఘవేంద్ర అని. తెలుసునా?” అని అడిగింది.

“తెలియకేమమ్మా” అన్నాడు ఆయన. “ఏ మాటన్నా రెండుసార్లు సెప్తాండె. ఏమప్పా ఒకసారి సెప్తే సాలదా అంటే, ఒకటి మేలుకోనుండేటోళ్ళకు, ఒకటి నిద్రపోయేటోళ్ళకు అంటాండె. ఇప్పుడు రికార్డు ఏసినారు. ఆయన గొంతు ఇంటే నిద్రలో ఉన్నోడు కూడా లేసి ఆదోని బస్సు ఎక్కుతాండె. బాగుండాడా?”

“బాగుండాడు.”

“ఈసారి వస్తే మైకులో ఒక్కసారి సెప్పిపొమ్మనమ్మా. నేను అడిగినానని సెప్పు.”

“సెప్తా” అంది అత్తమ్మ. ఆ తర్వాత టీ తాగకుండా గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఆమె పక్కన జరిగి కూర్చున్నాను.

ఆదోని బస్సు వచ్చింది. అందరికంటే ముందు మహబూబ్బీ దిగింది, సంచిని రొమ్ముకు హత్తుకుని. కండక్టరు పైన పెట్టమంటే పెట్టలేదట, కింద అసలే పెట్టలేదట. “ఇది నీ బదులు మనిషి గదా, కింద ఎట్ల పెడతా” అంది. అత్తమ్మ సంచి అందుకోకుండా ముందు ఆమె చేతులు పట్టుకుంది. ఉగ్గాని తినిపోవే అంటే మిషను మీద జాకెట్లున్నాయని ఎదురుగా ఉన్న ఆదోని బస్సే ఎక్కేసింది. కిటికీలోంచి తల బయటపెట్టి, “జల్ది పో రుక్మిణమ్మా. రాఘన్నకు నా సలాం సెప్పు” అంది.

గోనెగండ్ల, కోడుమూరు మీదుగా

దారి పొడవునా పత్తి, వాము, ఉల్లిగడ్డ. రోడ్డు కొంత దూరం రోడ్డులా ఉంటుంది, కొంత దూరం చేనులా ఉంటుంది. గోనెగండ్ల దాటాక ఒక గొర్రెల మంద రోడ్డెక్కింది. కాపరి తొందరపడే మనిషి కాదు. విమానం ఉందప్పా అని ఈరన్న అద్దం దించి చెబితే, “విమానానికి గొర్రెలు అడ్డం రావులేన్నా” అన్నాడు. నిజమే, గొర్రెలు కారుకే అడ్డం వచ్చాయి.

అత్తమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని, కార్డు తీసి చూసి మళ్ళీ లోపల పెట్టింది. గుంత వచ్చినప్పుడల్లా సంచి మీద చెయ్యి వేసింది. కోడుమూరు దగ్గర నన్ను అడిగింది: “మనం పోయేసరికి వాడు ఆస్పత్రికి పోయింటాడా?”

“సాయంత్రం పోవాలంట. మనం మధ్యాహ్నానికే ఉంటాం.”

“విమానం తప్పిపోతే?”

తప్పిపోదన్నాను. ఆ మాట అంటూ నేను గడియారం చూడటం ఆమె చూసింది.

ఓర్వకల్లు: తుగ్గలి పోలీసమ్మ

రాళ్ళ గుట్టల మధ్య చిన్న విమానాశ్రయం. మా ఆదోని రైల్వేస్టేషన్లో ఉండే జనంలో పదోవంతు కూడా లేరు. మేం పరుగున పోయేసరికి కౌంటరు మూసేయబోతున్నారు. అత్తమ్మ కార్డు అందించి, ఆ అమ్మాయి దాన్ని తిరిగి ఇచ్చేదాకా చెయ్యి చాపే ఉంచింది.

తనిఖీ దగ్గర ఇంకో చిక్కు. రాఘు మామ గట్టివి మింగలేడని అత్తమ్మ అంబలికి జొన్నపిండి విసిరించి తెచ్చింది. దాన్ని పెట్టెలో వేయకుండా ఒళ్ళో సంచిలోనే ఉంచుకుంది. పరీక్ష చేసే పోలీసమ్మ పొట్లం బయటికి తీసి, ఇదేమని అడిగింది.

“జొన్నపిండమ్మా. మా తమ్మునికి గొంతు బాగలేదు, అంబలి కాసిస్తామని.”

ఆమె పొట్లం విప్పి, మరోసారి మిషనులో చూపించి, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది. “పచ్చజొన్నలా?” అని అడిగింది. ఔనంటే, “మాది తుగ్గలమ్మా, మన జిల్లానే. మా అవ్వ కూడా ఇట్లే జల్లెడ పడ్తాది” అని పొట్లాన్ని మళ్ళీ అదే మడతలతో కట్టి ఇచ్చింది. అంత పెద్ద హాల్లో అత్తమ్మ మొదటిసారి చుట్టూ తిరిగి చూసింది, మనవాళ్ళున్న చోటే కదా అన్నట్టు.

లోపల టీ ఎంతని అడిగాను. ఆ ధరకు ఎమ్మిగనూరులో బల్ల మీదున్న వాళ్ళందరికీ టీ పోయించవచ్చు. తాగలేదు.

ఆకాశంలో

కిటికీ సీటు నాది, పక్కసీటులో ఉన్న అత్తమ్మను అందులోకి జరిపాను. విమానం లేచినప్పుడు కళ్ళు మూసుకుని నా మణికట్టు పట్టుకుంది. పైకొచ్చాక కిందికి చూసి, ఎమ్మిగనూరు యాడుంది అని అడిగింది. అది వెనకపక్క ఉండిపోయిందని చెప్పాను. నల్లమల మీదుగా పోతున్నామనుకుంటా, కింద పచ్చగా, గుట్టలు గుట్టలుగా ఉంది.

మైకులో దూరం, ఎత్తు, చేరే సమయం ఇంగ్లీషులో గబగబా చెప్పారు. అత్తమ్మ తల అటు తిప్పి శ్రద్ధగా విన్నది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. “ఒక్కసారే సెప్పిరే” అంది. “నిద్రపోయేటోళ్ళకు ఎట్ల?”

నేను అర్థం చెప్పాను. ఇంకో గంటలో దిగిపోతామన్నాను. “గంటే?” అంది. కాసేపు మేఘాలు చూసి, “ఇంత దగ్గరుంటే వాడు దూరం పోయినాడని ఇన్నాళ్ళు ఎందుకు ఏడిస్తి” అంది. దగ్గర కాదు అత్తమ్మా, టికెట్టు ధర చూస్తే అంత దగ్గర కాదు అని నాలో నేను అనుకున్నాను. ఆమెకు ధర చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

కాసేపటికి కింద నీళ్ళు కనిపించాయి. అంత నీళ్ళు మా వైపు మనుషులు చూసి ఉండరు. అత్తమ్మ సముద్రానికి దండం పెట్టింది. విమానం వంగేసరికి పెట్టిన దండం పెట్టినట్టే ఉంచి కళ్ళు మూసుకుంది.

విశాఖపట్నం: గొళ్ళెం

ఆపరేషన్ మర్నాడు సవ్యంగా జరిగింది. చదివేవాళ్ళు గుండె చేత్తో పట్టుకుని కూర్చోవద్దని ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. రాఘు మామ ఇప్పుడు పలక మీద రాస్తున్నాడు. దస్తూరీ మాత్రం చదవలేం.

విమానాశ్రయం బయట గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంది. మా ఎండ చురుక్కుమంటుంది గానీ ఇలా జిడ్డుగా ఉండదు. టాక్సీ నడిపే అతను “ఎక్కడికెళ్ళాలండి, కూర్చోండి, ఏసీ వెయ్యమంటారాండి” అన్నాడు. ఎంత మర్యాదస్తుడో, ప్రతి మాటకూ బరువు కట్టినట్టు అండి తగిలిస్తున్నాడని అత్తమ్మ నా చెవిలో అంది. మా వైపు అప్పా అన్నా అంటే దగ్గరివాళ్ళమైపోతాం, ఇక్కడ అండి అంటే మర్యాద. రెండూ మంచివే, అలవాటు కావాలి.

రాఘు మామ వాళ్ళది నాలుగో అంతస్తు. అత్తమ్మ తలుపు ముందు నిలబడి నోరు తెరవబోయింది, అంతలో నేను బెల్లు నొక్కేశాను. లోపల పిట్టకూత లాంటి చప్పుడు. రాఘు మామ కొడుకు ప్రసాదు తలుపు తీశాడు.

రాఘు మామ సోఫాలో ఉన్నాడు. చిక్కిపోయాడు. మెడకు మఫ్లరు. మమ్మల్ని చూసి లేచాడు, నవ్వాడు, చేత్తో రమ్మన్నాడు. నోరు విప్పలేదు. గొంతు బొంగురుపోయిందని, ఎవరూ వినకూడదని నెల నుంచి మాట్లాడటమే మానేశాడని ప్రసాదు భార్య వంటింట్లో నాతో చెప్పింది. ఫోను చేస్తే కూడా ఊ అనడం తప్ప ఏమీ అనడట. మేం వచ్చింది మాత్రం ఆ గొంతు వినడానికే.

అత్తమ్మ పొయ్యి దగ్గరికి పోయి జొన్న అంబలి కాచింది. మజ్జిగ కలిపి, ఉప్పు వేసి, తమ్ముడి పక్కన కూర్చుని చెంచాతో తాగించింది. కోడలు చెంచా అందుకోబోతే ఇవ్వలేదు. ఎమ్మిగనూరు బస్టాండు చూసి వచ్చామని, బల్లలు మార్చారని, టీ అంగడాయన అడిగాడని చెప్పింది. సంచి కథంతా చెప్పింది. మహబూబ్బీ సలాం చెప్పింది. రాఘు మామ భుజాలు కదిలేటట్టు నవ్వాడు, చప్పుడు లేకుండా.

గోడ గడియారం నడుస్తోంది. బ్యాగు సర్దుకోవాలి నాన్నా అన్నాడు ప్రసాదు. ఇంత దూరం వచ్చి ఊరికే పోతామా అనిపించింది నాకు.

అప్పుడు అత్తమ్మ గిన్నె పక్కన పెట్టి, “రాఘూ, లే” అంది. చెయ్యి పట్టుకుని వాకిలి దాకా తీసుకుపోయింది. తలుపు తీసింది. “బయటికి పో” అంది. అతను అర్థంకాక చూశాడు. “పోరా. బెల్లు కొట్టొద్దు” అని అతణ్ణి బయట నిలబెట్టి, తలుపు మూసి, పై గొళ్ళెం వేసింది.

మేం ముగ్గురం హాల్లో నిలబడి ఉన్నాం. ఎవరం కదల్లేదు. బయట లిఫ్టు ఆగిన చప్పుడు, ఎవరో చెప్పులతో నడిచి పోయిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. అత్తమ్మ గొళ్ళెం మీద చెయ్యి వేసి, చెక్కకు చెవి ఆనించి నిలబడింది.

“అక్కా.”

గరగరలాడే గొంతు. ఇసుకలో కాలు ఈడ్చినట్టుంది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది.

“అక్కా, వాకిలి తియ్.”

అత్తమ్మ తీయలేదు. చెయ్యి గొళ్ళెం మీదే ఉంచింది. కళ్ళ నీళ్ళు చుబుకం దాకా వచ్చాయి, తుడుచుకోలేదు. తమ్ముడిని రెండోసారి పిలిపించుకోని మనిషి రెండు పిలుపులు పోనిచ్చింది. ప్రసాదు ఒక అడుగు ముందుకు వేస్తే నేను అతని భుజం పట్టుకుని ఆపాను.

“అక్కా, వాకిలి తియ్యే.”

అయినా తీయలేదు. బయట దగ్గు. అతను పోయి మెట్ల మీద కూర్చున్నాడేమో అనుకున్నాను. అంతలో ఆ చిరిగిన గొంతు కొంచెం పైకి లేచింది, బస్టాండు మైకు ముందు నిలబడినట్టు.

“ప్రయాణికులకు గమనిక. ఆదోని నుంచి వచ్చిన రుక్మిణక్క, యాడున్నా సరే, వచ్చి వాకిలి తీయవలెను.” ఊపిరి పీల్చుకున్న చప్పుడు. “ఆదోని నుంచి వచ్చిన రుక్మిణక్క, యాడున్నా సరే, వచ్చి వాకిలి తీయవలెను.”

అప్పుడు తీసింది.

గడప అవతల రాఘు మామ గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఎదురింటి ఆవిడ తలుపు కూడా సగం తెరుచుకుని ఉంది.

“ఇంతసేపా అక్కా, వాకిలి తీసేకి?” అన్నాడు.

“నీ పిలుపు ఇంటాంటిరా” అంది అత్తమ్మ.